హయ్ ఇబ్న్ యక్జాన్ చేతులెత్తేసిన చోట

ఈమధ్య ఒక పాడ్‌కాస్ట్‌లో ‘హయ్ ఇబ్న్ యక్జాన్’ అనే పన్నెండో శతాబ్దపు అరబ్బీ పుస్తకం కథ విన్నాను. చెప్పినాయన మంచి మాటకారి. నరమానవుడు లేని దీవి, అందులో ఒక పసివాడు, వాడికి పాలిచ్చి సాకిన లేడి, వాడంతట వాడే నిప్పు వాడకం నేర్చుకోవడం, చుక్కల నడక గమనించడం, అలా మెట్టు మెట్టుగా దేవుడి దాకా పోవడం... పదిహేను నిమిషాల్లో కళ్లకు కట్టించాడు. “బడి లేదు, పంతులు లేడు, పుస్తకం లేదు. ఉన్నదల్లా బుర్ర ఒక్కటే!” అని ముగించాడు. ఆ వెంటనే ఏదో ఆన్‌లైన్ కోర్సు ప్రకటన వచ్చింది.

కథ మాత్రం అక్కడ ముగియదు. యాభై ఏళ్ల వయసులో హయ్ మొదటిసారి మనిషిని చూస్తాడు. మాట నేర్చుకుంటాడు. తను తెలుసుకున్నది నలుగురికీ చెబుదామని జనం ఉన్న దీవికి వెళ్తాడు. అక్కడ ఘోరంగా ఓడిపోయి, క్షమాపణ చెప్పి మరీ వెనక్కి వచ్చేస్తాడు. పుస్తకంలో ఇది చివరి కొద్ది పేజీలే. చాలామంది వీటిని వదిలేస్తారు, లేదంటే ‘లోకం తీరు అంతే’ అని నిట్టూర్చి పుస్తకం మూసేస్తారు. నాకు మాత్రం ఎప్పట్నుంచో ఈ పేజీలతోనే పేచీ. జనం మొద్దులు కాబట్టి హయ్ ఓడిపోయాడని రచయిత తీర్పు ఇస్తాడు. పాఠం చెప్పడం రాక ఓడిపోయాడని నేనంటాను. దానికి సాక్ష్యాలు వెతుక్కుంటూ బయటికి పోనక్కర్లేదు, ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

ఈ పేరుతో ఒకటికి మించి రచనలున్నాయి, ముందు అది చెప్పేస్తాను. పేరుకు అర్థం ‘సజీవుడు, మేలుకున్నవాడి కొడుకు’ అని. మొదట వాడింది వైద్యుడూ తత్వవేత్తా అయిన ఇబ్న్ సీనా. హమదాన్ దగ్గర ఫర్దజాన్ కోటలో నాలుగు నెలలు ఖైదులో ఉన్నప్పుడు రాశాడని ఆయన శిష్యుడు జూజ్జానీ చెబుతాడు. అందులో హయ్ ఒక ముసలి జ్ఞాని, దారి చూపించేవాడు. దాదాపు నూటయాభై ఏళ్ల తర్వాత, ఇప్పటి స్పెయిన్‌లోని గ్రనడా దగ్గర వాదీ ఆష్‌లో పుట్టిన ఇబ్న్ తుఫైల్ ఆ పేరు తీసుకుని పసివాడికి పెట్టాడు. కథ చివర్లో వచ్చే సలామాన్, అబ్సాల్ అన్న పేర్లు కూడా ఇబ్న్ సీనా దగ్గరివే. నేను మాట్లాడేది ఇబ్న్ తుఫైల్ హయ్ గురించి.

లేడి గుండె

ఇబ్న్ తుఫైల్ వృత్తిరీత్యా వైద్యుడు. ఉత్తర ఆఫ్రికానూ స్పెయిన్‌లో దక్షిణ భాగాన్నీ ఏలిన అల్‌మొహాద్ వంశపు ఖలీఫా అబూ యాఖూబ్ యూసుఫ్‌కు ఆస్థాన వైద్యుడు. ఆ చెయ్యి కథలో కనిపిస్తుంది.

పిల్లవాడు దీవిలోకి ఎలా వచ్చాడన్నదానికి ఆయన రెండు కథలు చెబుతాడు. ఒకటి, హిందూ దేశపు దీవుల్లో భూమధ్యరేఖ కింద ఉన్న ఒక దీవిలో, వేడీ చల్లదనం సరిగ్గా సమపాళ్లలో కుదిరిన మట్టి పులిసి, దాన్నుంచి తల్లీ తండ్రీ లేకుండా పుట్టాడని. రెండోది, ఒక రాజు చెల్లెలు రహస్యంగా పెళ్లి చేసుకుని, కన్న బిడ్డను పెట్టెలో పెట్టి సముద్రంలో వదిలితే కొట్టుకొచ్చాడని. మనకు వెంటనే కర్ణుడు గుర్తొస్తాడు. రెంటిలో ఏది నిజమో ఇబ్న్ తుఫైల్ తేల్చడు. మీ ఇష్టం వచ్చింది నమ్ముకోండన్నట్టు వదిలేసి ముందుకు పోతాడు. ఆ తెగువ నాకు నచ్చుతుంది.

లేడి ముసలిదవుతుంది. నడవలేని దాన్ని హయ్ పచ్చిక ఉన్న చోటికి తీసుకెళ్తాడు, పళ్లు కోసి తినిపిస్తాడు. ఒకరోజు అది కదలదు. ఏ కూతకు పలికేదో ఆ కూత పెడతాడు. పలకదు. చెవులు చూస్తాడు, కళ్లు చూస్తాడు, ఎక్కడా దెబ్బ లేదు. నా కళ్లు మూసుకుంటే నాకు కనపడదు, తీస్తే కనపడుతుంది, చెవుల్లో వేళ్లు పెట్టుకుంటే వినపడదు, తీస్తే వినపడుతుంది, కాబట్టి దీనికీ లోపలెక్కడో ఏదో అడ్డు పడి ఉంటుంది, అది తీసేస్తే లేచి నిలబడుతుంది అనుకుంటాడు. వాడికి చావంటే తెలియదు మరి. పదునైన రాళ్లతో, ఎండిన రెల్లు చీలికలతో దాని రొమ్ము చీలుస్తాడు. పక్కటెముకలు దాటి, ఊపిరితిత్తి దాటి గుండె దాకా వెళ్తాడు. అందులో రెండు గదులు. కుడి గదిలో గడ్డకట్టిన నెత్తురు. ఎడమ గది ఖాళీ.

ఇక్కడ ఉన్నదేదో వెళ్లిపోయింది అనుకుంటాడు. తనను పెంచింది ఆ వెళ్లిపోయినదే, ఈ శరీరం దాని చేతిలో ఒక పనిముట్టు అని అర్థమవుతుంది. శవం కుళ్లడం మొదలవుతుంది. ఏం చేయాలో తోచదు. రెండు కాకులు కొట్లాడుకుంటాయి, ఒకటి చచ్చిపోతుంది, చంపిన కాకి గొయ్యి తీసి దాన్ని పూడుస్తుంది. అది చూసి తల్లిని పూడ్చిపెడతాడు. ఖురాన్‌లో కాకిని చూసి అన్న తమ్ముణ్ని పూడ్చడం నేర్చుకున్న కథకు ఇది ప్రతిధ్వని. అక్కడ హంతకుడు నేర్చుకున్నది ఇక్కడ కొడుకు నేర్చుకుంటాడు.

గమనించండి, ‘పంతులు లేడు’ అన్న మాట ఇక్కడే వీగిపోతుంది. లేడి నేర్పింది, కాకి నేర్పింది. జంతువుల ఒళ్లు చూసి తన ఒళ్లు కప్పుకోవడం నేర్చాడు. ‘తనంతట తాను నేర్చిన తత్వవేత్త’ అన్న పేరు ఇబ్న్ తుఫైల్ పెట్టింది కాదు. 1671లో ఆక్స్‌ఫర్డ్‌లో లాటిన్ అనువాదం అచ్చువేసిన ఎడ్వర్డ్ పోకాక్ పెట్టింది. ఆ పేరే యూరప్‌లో పుస్తకాన్ని నడిపించింది. మూడేళ్లకే జార్జ్ కీత్ అనే క్వేకర్ ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. పాదిరీ అవసరం లేకుండా లోపలి వెలుగుతోనే దేవుణ్ని చేరవచ్చని నమ్మేవాళ్లకు ఇంతకంటే మంచి కథ ఎక్కడ దొరుకుతుంది? ‘రాబిన్‌సన్ క్రూసో’ను దీన్ని చూసే రాశారని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది గానీ, దాని జోలికి నేను పోను. నా బాధల్లా ఎవరికి కావలసిన ముక్క వాళ్లు కోసుకుని, చివరి పేజీలు మాత్రం అందరూ వదిలేశారనే.

తీగకు చిక్కు తీసినవాడు

వయసు పెరిగాక హయ్ తనకు తాను కొన్ని నియమాలు పెట్టుకుంటాడు. ఆకాశంలో గోళాలు కింది లోకానికి వెలుగూ వేడీ ఇచ్చి మేలు చేస్తున్నాయి కదా, తనూ అలాగే ఉండాలని. ఏ మొక్క మీదైనా నీడ పడి ఎండ తగలకపోతే ఆ అడ్డు తీసేస్తాడు. ఒక మొక్కను ఇంకో తీగ చుట్టుకుని బిగిస్తుంటే, రెంటికీ దెబ్బ తగలకుండా విడదీస్తాడు. ఎండిపోతున్నదానికి వీలైనన్ని సార్లు నీళ్లు పోస్తాడు. జంతువుకు ముల్లు గుచ్చుకున్నా, కంట్లోనో చెవిలోనో ఏదైనా పడినా తీసేదాకా ఊరుకోడు. పండు తిన్నా గింజను పాడుచేయడు.

నాకు ఈ పుస్తకంలో అన్నిటికంటే ఇష్టమైన చోటు ఇదే. చివరి పేజీల మీద కోపం రావడానికి కారణం కూడా ఇదే. తీగకు చిక్కు తీసేటప్పుడు ఉన్న ఓపిక మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఎక్కడికి పోయింది?

పక్క దీవి నుంచి అబ్సాల్ వస్తాడు. ఏకాంతంగా ధ్యానం చేసుకుందామని వచ్చినవాడు, తోలు కప్పుకున్న హయ్‌ని చూసి భయపడి పరుగెత్తుతాడు. హయ్ పట్టుకుంటాడు, పెంపుడు జంతువుని నిమిరినట్టు నిమిరి బెదురు తీరుస్తాడు. అబ్సాల్‌కు చాలా భాషలు వచ్చు. వచ్చినవన్నీ ప్రయోగిస్తాడు, ఒక్క ముక్కా దిగదు. వెంట తెచ్చుకున్న తిండి పెడతాడు. చివరికి అసలు పని మొదలుపెడతాడు. ఒక్కో వస్తువునూ వేలుపెట్టి చూపించడం, పేరు చెప్పడం, మళ్లీ చెప్పడం, వాడిచేత పలికించడం. కొద్దికాలానికే హయ్ మాట్లాడతాడు. ఈ పుస్తకంలో ఒక మనిషి ఇంకో మనిషికి ఒక విషయం నేర్పి గెలిచిన మొదటి చోటు ఇదే.

అలా నేర్చుకున్నవాడు తను నేర్పాల్సి వచ్చినప్పుడు ఏం చేశాడు? అబ్సాల్ అతన్ని తన దీవికి తీసుకెళ్లి స్నేహితుల్ని పరిచయం చేశాడు. ఆ దీవిలో అందరికంటే తెలివైనవాళ్లు వీళ్లే, వీళ్లకే ఎక్కకపోతే మిగతావాళ్లకు అసలే ఎక్కదన్నాడు. హయ్ మొదలుపెట్టాడు. మతం మాటల పైపై అర్థం దాటి అడుగు వేశాడో లేదో వాళ్లు ముడుచుకుపోయారు. మొహం మీద మర్యాదగానే ఉన్నారు, దూరం నుంచి వచ్చిన అతిథి కదా. మనసులో మాత్రం కోపం పెట్టుకున్నారు. యాభై ఏళ్లు మెట్టు మెట్టుగా ఎక్కినవాడు వాళ్లకు చివరి మెట్టు చూపించాడు. ఒక్క లేడి గుండె కూడా కోసి చూపించలేదు.

మాటలతో పని జరగదని నాకు ఒకావిడ నేర్పింది. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం జోరుగా నడిచినప్పుడు, నేనూ ఒక ఊళ్లో రాత్రిబడికి వాలంటీరుగా వెళ్లేవాణ్ని. ఆవిడ పలక ముట్టుకునేది కాదు. చదువు గొప్పతనం గురించి నేను ఎంత దంచినా “నాకెందుకబ్బయ్యా ఇయ్యన్నీ” అనేది. ఒకరోజు ఆవిడే అడిగింది, “మేస్త్రీ పుస్తకంలో నా పేరు పక్కన ఎన్ని రోజులేశాడో చూసి చెప్తావా?” అని. ఆ పుస్తకమే పాఠం అయింది. ముందు అంకెలు, తర్వాత తన పేరు, తర్వాత తన పేరు కింద ఉన్న చెల్లెలి పేరు. అ ఆలు చిట్టచివర వచ్చాయి. అలాంటి బడుల్లోంచే ఆ జిల్లాలో సారా మీద ఆడవాళ్ల పోరాటం లేచిందన్నది మీకు తెలిసిందే. ‘వీళ్లకు ఎక్కదు’ అని ఎవరైనా అంటే నాకు ఆ మేస్త్రీ పుస్తకం గుర్తొస్తుంది.

నూహ్ ఎన్నేళ్లు ఉన్నాడు?

అన్యాయంగా మాట్లాడుతున్నానేమోనని నాకూ అనుమానం వస్తుంది. హయ్ అసలు ప్రయత్నించలేదని రచయిత అనలేదు. రాత్రీ పగలూ, చాటుగానూ బాహాటంగానూ, మెత్తగా నచ్చజెప్పాడనీ, చెప్పేకొద్దీ వాళ్లు ఇంకా దూరం జరిగారనీ రాశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది, ఇంకేం చేస్తాడు పాపం అనిపిస్తుంది.

కానీ ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఖురాన్‌లో నూహ్ ప్రవక్త దేవుడితో మొరపెట్టుకునే మాటల ఛాయ అది. నా జనాన్ని రాత్రీ పగలూ పిలిచాను, నా పిలుపు వాళ్లను ఇంకా దూరం చేసింది, బాహాటంగా చెప్పాను, రహస్యంగా చెప్పాను అంటాడాయన. ఇబ్న్ తుఫైల్ పాఠకులు ఆ పోలికను ఇట్టే పట్టేస్తారు. మరి అదే ఖురాన్ ప్రకారం నూహ్ తన జనం మధ్య ఎన్నేళ్లు ఉన్నాడు? యాభై తక్కువ వెయ్యేళ్లు. హయ్ ఎన్నాళ్లు ఉన్నాడో పుస్తకంలో లెక్కే లేదు. మిగతా అంతటా ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, ముప్పై అయిదు అని ఏడేసి ఏళ్ల లెక్క పద్ధతిగా కట్టిన రచయిత ఇక్కడ మాత్రం లెక్క చెప్పడు. నూహ్ మాటలైతే అరువు తెచ్చుకున్నాడు, ఆయన ఓపిక తేలేదు.

ఆపైన తీర్పు వస్తుంది. జనంలో ఎక్కువమంది మాట రాని జంతువులతో సమానమని హయ్ తెలుసుకున్నాడట! నన్ను ఆపేది ఈ మాటే. ఎవరు ఎవర్ని జంతువులంటున్నారు? లేడిపాలు తాగి పెరిగినవాడు, కాకి దగ్గర కర్మకాండ నేర్చుకున్నవాడు, యాభై ఏళ్ల దాకా తనే మాట రాని ప్రాణిగా బతికినవాడు. మాట రాకపోవడం తెలివి లేకపోవడం కాదని ఈ లోకంలో అందరికంటే బాగా తెలియాల్సింది హయ్‌కే.

ఇది వ్యంగ్యమా, రచయిత కావాలనే హయ్‌ని ఇరికించాడా అని చాలా ఆలోచించాను. అలా అనుకుంటే పుస్తకం ఇంకా గొప్పదవుతుంది గానీ, నాకు నమ్మకం కుదరదు. ఆ కాలం అలాంటిది. అల్‌మొహాద్‌ల రాజ్యంలో తత్వశాస్త్రం ఖలీఫా గదిలో నడిచేది, వీధిలో మాత్రం ధర్మశాస్త్రం పైమాటే నడవాలి. ఆ తరవాత తత్వవేత్త ఇబ్న్ రుష్ద్ కూడా తన ‘ఫస్ల్ అల్-మఖాల్’లో లోపలి అర్థాలు సామాన్యులకు చెప్పకూడదనే వాదించాడు, చెప్పినందుకు గజాలీని తప్పుపట్టాడు. భయానికీ కారణాలు లేకపోలేదు. 1109లో స్పెయిన్‌లోని కోర్డోబాలో గజాలీ పుస్తకాన్నే తగలబెట్టారు, ఆయన పేరుపొందిన ధర్మవేత్త అయినా కూడా. మన దగ్గర మాత్రం తక్కువా? మంత్రం చెవిలోనే చెప్పాలన్న కట్టుబాటు ఉంది కాబట్టే, రామానుజుడు గోపురం ఎక్కి అందరికీ వినిపించాడన్న కథను ఇప్పటికీ చెప్పుకుంటున్నాం.

కాబట్టి ఇబ్న్ తుఫైల్ ఆ తీర్పును మనస్ఫూర్తిగానే రాసి ఉండొచ్చు. అయినా ఆయన పుస్తకం రాశాడు కదా! ముగింపులో, పెద్దలు దాచిన రహస్యాన్ని నేను బయటపెడుతున్నాను, మీద పల్చటి తెర ఒకటి వేశాను, అర్హులకు అది తేలిగ్గా తొలగుతుంది అంటాడు. జనానికి చెప్పి లాభం లేదన్న కథను, లేడీ దీవీ కాకులూ పెట్టి ఇంత రుచిగా ఎందుకు చెప్పినట్టు?

ఇబ్న్ తుఫైల్ తర్వాత వందేళ్లలో ఇంకో వైద్యుడు ఈ కథ మీద తన వాదం వినిపించాడు. ఇబ్న్ అల్-నఫీస్. నెత్తురు గుండె కుడి గది నుంచి ఊపిరితిత్తుల గుండా ఎడమ గదికి చేరుతుందని రాసినవాడు ఈయనే. హయ్ ఖాళీ అనుకున్న గదికి దారి కనిపెట్టినవాడన్నమాట. ఆయన కథలోనూ కామిల్ అనే కుర్రాడు దీవిలో ఒంటరిగా పెరుగుతాడు. కానీ ఒక ఓడ వస్తుంది. అందులోవాళ్లు రొట్టె, వండిన తిండి, బట్టలు ఇస్తారు. అది తిని, అవి కట్టుకుని, మనిషి ఒంటరిగా బాగా బతకలేడని కామిల్ గ్రహిస్తాడు. కథగా ఇబ్న్ తుఫైల్‌ది ఎంతో పైమెట్టు. వాదంగా మాత్రం నా ఓటు నఫీస్‌కే.

మరాకేష్‌లో ఒక గది

నా వాదానికి అన్నిటికంటే పెద్ద ఆసరా ఇబ్న్ తుఫైల్ జీవితమే. 1169 ప్రాంతంలో జరిగిన సంగతి ఇది. చరిత్రకారుడు మర్రాకుషీ, ఇబ్న్ రుష్ద్ శిష్యుడు చెప్పగా విని రాశాడు.

ఇబ్న్ తుఫైల్ తనకంటే చిన్నవాడైన ఇబ్న్ రుష్ద్‌ను ఖలీఫా దగ్గరికి తీసుకెళ్లాడు. గదిలో ఖలీఫా, ఇబ్న్ తుఫైల్ తప్ప ఇంకెవరూ లేరు. ఇబ్న్ తుఫైల్ వచ్చినవాణ్ని, వాళ్ల వంశాన్ని పొగిడాడు. ఖలీఫా పేరూ ఊరూ అడిగి, ఉన్నట్టుండి అసలు ప్రశ్న వేశాడు: “ఆకాశం గురించి తత్వవేత్తలు ఏమంటారు? అది అనాదిగా ఉందంటారా, సృష్టి అయిందంటారా?” ఇబ్న్ రుష్ద్‌కు చెమటలు పట్టాయి. అనాది అంటే మతానికి ఎదురు. నేను తత్వశాస్త్రం చదవనే లేదని బుకాయించాడు. ఖలీఫాకు సంగతి అర్థమైంది. అతన్ని వదిలేసి ఇబ్న్ తుఫైల్ వైపు తిరిగి, అరిస్టాటిల్ ఏమన్నాడు, ప్లేటో ఏమన్నాడు, వాళ్లకు ముస్లిం పండితులు చెప్పిన జవాబులేమిటి అని మాట్లాడటం మొదలుపెట్టాడు. ఇద్దరు పెద్దవాళ్లు ధైర్యంగా మాట్లాడుకోవడం విని కుర్రవాడి టెన్షన్ తగ్గింది. కాసేపటికి తనూ నోరు విప్పాడు. వెళ్లేటప్పుడు డబ్బు, శాలువా, గుర్రం బహుమానంగా ఇచ్చారు.

తర్వాత మరోసారి ఇబ్న్ తుఫైల్ అతన్ని పిలిచి, అరిస్టాటిల్ అర్థం కావడం లేదని ఖలీఫా గొణుగుతున్నాడు, నేను పెద్దవాణ్నయ్యాను, కొలువుతోనే సరిపోతోంది, నువ్వు పూనుకో అన్నాడు. ఇబ్న్ రుష్ద్ వ్యాఖ్యానాలకు అది మొదలు. ఆ వ్యాఖ్యానాలు యూరప్‌ను ఎంత కదిపాయో అందరూ చెబుతారు. అరిస్టాటిల్ మీద ఆయన రాసిన సంగ్రహాలు కొన్ని 1947లో మన హైదరాబాద్‌లోనే, దాయిరతుల్ మారిఫ్ అనే ప్రచురణ సంస్థలో అచ్చయ్యాయన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

ఆ గదిలో జరిగింది హయ్ చేయలేకపోయిన పనే. భయంతో ముడుచుకుపోయినవాణ్ని ‘వీడింతే’ అని వదిలేయలేదు. అతని ఎదుట మాట్లాడారు, వినే తీరిక ఇచ్చారు, అతనే మాట్లాడేదాకా ఆగారు. అబ్సాల్ స్నేహితులూ హయ్ ముందు ఇలాగే ముడుచుకున్నారు. అది మొద్దుతనమో, భయమో హయ్ అడగలేదు. అబ్సాల్‌కు రెండు లోకాలూ తెలుసు, రెండు వైపుల మాటా తెలుసు. అతనైనా మధ్యలో నిలబడి నడిపించవచ్చు. పరిచయాలు అయ్యాక ఆ దీవిలో బోధన అంతా హయ్‌దే, అబ్సాల్‌కు రచయిత పని పెట్టలేదు.

ఇక సలామాన్. ఈయన్ని అందరూ మొద్దు ఛాందసుడిగా చదువుతారు. పైమాట పట్టుకు వేలాడేవాడు, అబ్సాల్‌కు పూర్తిగా ఎదురు. అయితే ఆ దీవికి పెద్ద ఆయనే, జనాన్ని వదలకుండా వాళ్లమధ్యే ఉన్నవాడూ ఆయనే. ఎక్కడినుంచో వచ్చి వాళ్ల నమ్మకాల్ని కదిలించే మాటలు రాత్రీ పగలూ చెప్పినవాణ్ని ఆయన జైల్లో వేయలేదు. హయ్ చివరికి ఆయన దగ్గరికే వెళ్లి, నేను మాట్లాడిన మాటలకు క్షమించండి, మీ దారే సరి, మీ ధర్మాన్ని అలాగే పట్టుకోండి అని చెప్పి, అబ్సాల్‌తో కలిసి ఎవరూ అడ్డుకోకుండా వెళ్లిపోయాడు. ఇబ్న్ తుఫైల్ 1185లో మరాకేష్‌లో పోయాడు. పదేళ్లకు, 1195లో, ఆయన చెయ్యి పట్టి తీసుకొచ్చిన ఇబ్న్ రుష్ద్‌ను ఆనాటి ఖలీఫా కోర్డోబా దగ్గరి లుసేనా ఊరికి వెళ్లగొట్టి, తత్వశాస్త్ర పుస్తకాలు తగలబెట్టించాడు. ఆ ఖలీఫా అరిస్టాటిల్ అర్థం కాలేదని గొణిగిన అబూ యాఖూబ్ కొడుకే. ఆ మొద్దు సలామాన్ రాజ్యమైతే ఇబ్న్ రుష్ద్ క్షేమంగా ఉండేవాడు.